సహజ మరణమట!

1987 అక్టోబరు 15, గురువారం సాయంత్రం. పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో దేశానికి రాజధాని వాగడూగు. అక్కడో ప్రభుత్వ ఆవరణలో సమావేశం జరుగుతుంటే సైనికులు దిగి దేశాధ్యక్షుణ్ణి కాల్చేశారు. ఆయనతోపాటు మరో పన్నెండు మందిని కాల్చేశారు. రాత్రికి రాత్రి ఊరవతల గుంటలు తీసి కప్పెట్టారు. ఆ తర్వాత ఒక సైనిక వైద్యుడు కలం తీసి మరణ ధ్రువపత్రం రాశాడు. ముప్పై ఏడేళ్ల థామస్ సంకారాది సహజ మరణమని.

ఒంటినిండా తూటాలు. సహజ మరణం!

నవ్వొస్తోందా? ఆగండి. ఆ వైద్యుడు ఒక్కడే ఆ అబద్ధం రాసి ఉంటే ఇన్ని పేజీలు ఖరాబు చేసేవాణ్ణి కాదు. ఆ దేశం గురించి ఏ నివేదిక తెరవండి, ఏ విద్యార్థి గైడు తిరగేయండి, మొదటి వాక్యం ఇదే ఉంటుంది: "సముద్రతీరం లేని పేద దేశం." సముద్రం లేదు కాబట్టి పేదదట. వాన తక్కువ కాబట్టి పేదదట. చుట్టూ ఆరు దేశాలు మూసుకుని ఉన్నాయి కాబట్టి పేదదట. అంటే ఎవరి తప్పూ లేదు. భూగోళం అలా ఏడ్చింది, మనమేం చేస్తాం? ఇదీ సహజ మరణమే. కోట్ల జీతాలు తీసుకునే ఆర్థికవేత్తలు రాసిన ధ్రువపత్రం. ఆ సైనిక వైద్యుడికి కనీసం తుపాకీ భయమైనా ఉంది. వీళ్లకేం భయం?

ఆ దేశం ఎంత ఉంటుందో తెలుగువాడికి చెప్పడం చాలా తేలిక. 2014కు ముందు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణం 2,75,045 చదరపు కిలోమీటర్లు. బుర్కినా ఫాసో 2,74,200. కొలత పెట్టి కోసినట్టు మనంతే. మాలీ, నైజర్, బెనిన్, టోగో, ఘనా, ఐవరీ కోస్ట్ చుట్టూ కూర్చున్నాయి. మధ్యలో ఎర్రటి నేల, రాళ్లు తేలిన పీఠభూమి. మొత్తం దేశంలో 750 మీటర్లు దాటిన కొండ లేదు. నైరుతి మూలన వాన మెరుగు. ఉత్తరానికి పోయేకొద్దీ పలచబడి సహేల్‌లో, ఎడారి అంచున ఆవిరైపోతుంది. చలికాలంలో సహారా నుంచి హర్మట్టాన్ అనే పొడిగాలి దుమ్ము మోసుకొచ్చి పెదాలు పగలగొడుతుంది. నల్ల వోల్టా, తెల్ల వోల్టా, ఎర్ర వోల్టా అని మూడు నదులు. ఇప్పుడు మూహూన్, నకాంబే, నజినాన్ అంటారు. మూడూ ఘనాలోకి పోతాయి. నకాంబే మీద కట్టిన బాగ్రే డ్యామ్ గేట్లు ఎత్తినప్పుడల్లా కింద ఉత్తర ఘనాలో పొలాలు మునుగుతాయి. జూరాల వెనక, ఆల్మట్టి కింద బతికినవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదనుకుంటా.

ఇప్పుడొక చిన్న ప్రశ్న. తెలంగాణకు సముద్రం ఉందా? లేదు. చేప పట్టే ఒడ్డు లేదు, ఓడ కట్టే రేవు లేదు. మరి "సముద్రం లేని పేద తెలంగాణ" అని ఎవడైనా రాశాడా? వెనకబాటు గురించి గొంతు చించుకున్న ఉద్యమంలో కూడా సముద్రం లేకపోవడమే మా జబ్బు అని ఎవరూ అనలేదు. నీళ్లెవరు తీసుకున్నారు, నిధులెవరు తిన్నారు, కొలువులు ఎవరికి పోయాయి అని అడిగారు. అంటే జనానికి తెలుసు, పేదరికానికి కారణం చెప్పాలంటే వేలు భూగోళం వైపు కాక మనిషి వైపు చూపాలని. మీ గురించి అడిగినప్పుడు ఇంత తెలివి! ఆఫ్రికా పేరెత్తగానే ఆ తెలివి ఏ గట్టున మేయడానికి పోతుంది?

"మచిలీపట్నం వేరే దేశంలో లేదు కదా, అబిజాన్ రేవు ఐవరీ కోస్ట్‌లో, వేరే దేశంలో ఉంది కదా" అంటారా? శభాష్. దార్లోకి వచ్చారు. అయితే లోటు సముద్రానిది కాదు, గీతది. మరి ఆ గీత ఎవడు గీశాడు?

మోస్సీ రాజ్యాలు ఆ నేలమీద శతాబ్దాలు ఏలాయి. గుర్రపు దండు ఉన్న రాజ్యాలు. వాగడూగు రాజును మోగో నాబా అంటారు. ఇప్పటికీ శుక్రవారం పొద్దున ఆయన యుద్ధానికి బయల్దేరుతున్నట్టు గుర్రం సిద్ధం చేయిస్తాడు. మంత్రులొచ్చి వద్దని బతిమాలితే మనసు మార్చుకుని లోపలికి వెళ్తాడు. వారం వారం జరిగే తంతు. నాకు భలే నచ్చుతుంది. దిగాల్సినప్పుడు గుర్రం దిగడం నేర్చిన రాజు! ఆ విద్య తర్వాత వచ్చిన అధ్యక్షులకు అబ్బలేదు. సరే, 1896లో ఫ్రెంచివాళ్లు వాగడూగు పట్టుకుని తగలబెట్టారు. మొదటి ప్రపంచయుద్ధానికి పిల్లల్ని సైన్యంలోకి ఈడ్చుకుపోతుంటే 1915లో పడమటి ఊళ్లు తిరగబడ్డాయి. విల్లంబులతో ఫిరంగులకు ఎదురు నిలిచారు. ఊళ్లకు ఊళ్లు బుగ్గి చేశాక గాని ఆ తిరుగుబాటు చల్లారలేదు. ఈ జనాన్ని దగ్గరుండి కనిపెట్టాలని 1919లో ఆ ప్రాంతాన్ని ఎగువ వోల్టా అని ప్రత్యేక కాలనీ చేశారు.

పద్నాలుగేళ్లు తిరక్కుండానే, 1932 సెప్టెంబరు 5న, దాన్ని రద్దు చేశారు. దేశాన్నయ్యా, దేశాన్ని! గుమాస్తా ఫైలు మూసినట్టు మూసేశారు. ముక్కలు చేసి ఐవరీ కోస్ట్‌కు ఇంత, ఫ్రెంచి సూడాన్‌కు (ఇప్పటి మాలీ) ఇంత, నైజర్‌కు ఇంత పంచారు. ఎందుకు? ఖర్చు దండగ అన్నారు. అసలు కారణం కూలీలు. దక్షిణాన ఐవరీ కోస్ట్ కోకో, కాఫీ తోటలకు మనుషులు కావాలి. ఉత్తరాన నైజర్ నది కాలవల కింద పత్తి పండించడానికి మనుషులు కావాలి. ఎగువ వోల్టాలో బంగారం అప్పటికి పెద్ద ఎత్తున తవ్వలేదు, పంట అంతంత మాత్రం, మనుషులు మాత్రం దండిగా ఉన్నారు. అబిజాన్ నుంచి పైకి వచ్చిన రైలు పట్టాలు వాళ్ల వెట్టితోనే పడ్డాయి. ఆ పట్టాలు 1934కి బోబో డియులాసో చేరాయి. 1954కి వాగడూగు చేరాయి. రైలు ఎందుకొచ్చిందో తెలుసా? సరుకు మోయడానికి వచ్చిందని పుస్తకాల్లో ఉంటుంది. నిజమే. ఆ సరుక్కి కాళ్లూ చేతులూ ఉన్నాయి.

వెట్టి అన్నాను. తెలంగాణ పల్లెల్లో ఆ మాట ఇంకా ముసలాళ్ల వీపుల మీద ఉంది. దొర గడీకి పోయి ఊరికే చాకిరీ చేసిన వీపులవి. పాలమూరు మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెట్టి డ్యామ్ పనికి బస్సెక్కించిన కథ కూడా మనకు తెలిసిందే. ఇక్కడ ఊళ్లను చేసినట్టు అక్కడ ఒక దేశం మొత్తాన్ని అడ్డాకూలీని చేశారు. 1946లో వెట్టిని చట్టంతో తీసేశారు. 1947లో మళ్లీ ఎగువ వోల్టా గీశారు. ఎందుకనుకుంటున్నారు, పశ్చాత్తాపమా? ఐవరీ కోస్ట్ నాయకుడు హూఫోయే బొయిన్యీ పార్టీ బలం పెరుగుతోందని, దాన్ని కోసెయ్యాలని. 1932లో కూలీల కోసం చెరిపారు, 1947లో ఓట్ల కోసం గీశారు. పదిహేనేళ్లు ప్రపంచ పటంలో లేని దేశాన్ని పట్టుకుని "దురదృష్టవశాత్తు సముద్రతీరం లేదు" అని రాస్తారా? సిగ్గుండాలి!

ఈ కథకు కొసమెరుపు ఉంది. ఆ తోటలకు వెళ్లినవాళ్లు అక్కడే ఉండిపోయారు. పిల్లలు పుట్టారు, మనవలు పుట్టారు. ప్రపంచం తినే చాక్లెట్టులో వాళ్ల చెమట ఉంది. 1990లలో కోకో ధర పడిపోయి పొట్టకొచ్చినప్పుడు ఐవరీ కోస్ట్ పెద్దలకు హఠాత్తుగా వీళ్లు పరాయివాళ్లయిపోయారు. అసలైన ఐవరీ కోస్ట్ వాడెవడు అని రక్తం కొలిచే రాజకీయం మొదలైంది. 2002లో అక్కడ అంతర్యుద్ధం రాగానే లక్షల మంది మూటాముల్లె సర్దుకుని బుర్కినాకు పారిపోయి వచ్చారు. సరిహద్దు మూశారు, రైలు ఆగింది. మూడు తరాల కూలీలు పరాయివాళ్లు. మరి సంకారాను చంపించిన కేసులో తర్వాత శిక్ష పడ్డ మాజీ అధ్యక్షుడు బ్లేజ్ కంపోరే? ఆయనకు అదే ఐవరీ కోస్ట్ పిలిచి పౌరసత్వం ఇచ్చింది. తోటలో కత్తి పట్టినవాడికి లేని హక్కు, మిత్రుడి మీదికి కత్తి దూసినవాడికి ఉందన్నమాట.

"సరే గాని, ప్రకృతి మాటేమిటి? కరువు నిజం కాదా?" నిజమే. 1970లలో, 80లలో సహేల్‌ను కరువు పిండేసింది. ఎవరు కాదన్నారు? కానీ ప్రకృతి చేసిన గాయం ప్రకృతిలోనే ఉండిపోవాలని రాసిపెట్టలేదు. వోల్టా నదుల పక్క సారవంతమైన లోయలు తరాల తరబడి ఖాళీగా పడి ఉండేవి. పారే నీళ్లలో పెరిగే నల్ల ఈగ కుట్టి జనం గుడ్డివాళ్లయ్యేవాళ్లు. దాన్ని నదీ అంధత్వం అంటారు. కర్ర పట్టుకుని ముసలివాణ్ణి నడిపించే పిల్లవాడు ఆ ప్రాంతానికి గుర్తుగా మారాడు. అదీ సహజమేనని వదిలేశారా? 1974లో వాగడూగు కేంద్రంగా కార్యక్రమం మొదలుపెట్టి, హెలికాప్టర్లతో నదుల మీద మందు చల్లి, తర్వాత మాత్రలు పంచి, 2002 నాటికి ఆ తెగులును చాలా వరకు తరిమేశారు. ఖాళీ లోయల్లో మళ్లీ నాగళ్లు దిగాయి. మనసు పెడితే అయింది. మనసు పెట్టనిచోట మాత్రం భూగోళం!

ఉత్తరాన యాటెంగా ప్రాంతంలో యాకూబా సవాడోగో అనే రైతు ఉండేవాడు. చదువు లేదు. కరువుకి జనమంతా వలస పోతుంటే ఈయన బండలా గట్టిపడ్డ నేలలో ఎండాకాలమే గుంటలు తవ్వి పెంట వేశాడు. 'జాయి' అంటారు ఆ గుంటల్ని; పాత పద్ధతే, ఈయన పెద్దవి చేసి, ఎరువు వేసి, చెదపురుగుల చేత నేల తవ్వించాడు. ఊళ్లోవాళ్లు పిచ్చోడన్నారు. జొన్న, సజ్జ పండాయి; ఆ వెంట చెట్లు లేచి అడవైంది. 2018లో ప్రపంచం పిలిచి రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం ఇచ్చింది. మరి సర్కారువాళ్లు ఏం చేశారు? పక్క పట్నం పెరుగుతోందని ఆయన అడవిలోకి ఇళ్ల ప్లాట్లు గీశారు! గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి, ఇది ఎక్కడో విన్నట్టు లేదూ? ఎడారి ఆ రైతును ఓడించలేకపోయింది. లేఅవుటు ఓడించబోయింది.

పత్తి సంగతి మనవాళ్లకు ఇంకా దగ్గర. బుర్కినా రైతుకు పత్తే తెల్లబంగారం. 2003లో బెనిన్, చాద్, మాలీలతో కలిసి ఆ దేశం ప్రపంచ వాణిజ్య సంస్థ ముందుకు వెళ్లి అమెరికాను ఒక్కటే అడిగింది: మీ పత్తి రైతులకు ఏటా వందల కోట్ల డాలర్లు పోసి ధర పడగొడుతున్నారు, ఆపండి. దానం అడగలేదు. స్వేచ్ఛా వాణిజ్యం అని మీరే నేర్పిన పాఠం మీరూ చదవండి అన్నారు. గురువుగారు మొహం చాటేశారు. 2008లో అదే దేశం మోన్‌శాంటో బీటీ పత్తి వేసింది. పురుగు తగ్గింది గాని పోగు పొడుగు తగ్గిపోయి బజార్లో పేరు పోయింది. 2016కల్లా ఆ దేశం బీటీని వదిలేసింది. వరంగల్, గుంటూరు, ఆదిలాబాద్ పత్తి రైతులకు ఈ రెండు ముక్కలూ చెప్పి చూడండి. సముద్రం ప్రస్తావన లేకుండానే అర్థమవుతుంది.

ఇక బంగారం. 2009 నుంచి బుర్కినా ఎగుమతుల్లో బంగారానిదే పై చేయి. బంగారానికి రేవు కావాలా? ఓడ కావాలా? గని పక్కన విమానం ఎక్కించి పంపుతారు. ఏళ్ల తరబడి అందులో ఎక్కువ భాగం ఎక్కడికి పోయింది? స్విట్జర్లాండుకు. స్విట్జర్లాండుకు సముద్రం ఉందా?

చెప్పండి. నేను ఆగుతాను.

సముద్రం లేని దేశంలో తవ్వి, సముద్రం లేని దేశానికి మోసుకెళ్లి, అక్కడ కరిగిస్తే ఆ దేశం కుబేరుడు. తవ్విన దేశం మాత్రం "భౌగోళిక ప్రతికూలత" బాధితురాలు. ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్లు మనవాళ్లు. ఇక్కడ ఆడనివ్వకుండా కాళ్లు విరగ్గొట్టి మద్దెల ఓడు అంటున్నారు. డబ్బు సంగతి సరేసరి: జేబులో నోటు విలువ కూడా ఫ్రాన్సు ఖజానాకు కట్టేసిన సీఎఫ్ఏ ఫ్రాంకు. 1994 జనవరిలో ఆ విలువను ఒక్క దెబ్బకు సగం చేశారు. పడుకున్నప్పుడున్న జీతం లేచేసరికి సగం. అదీ హర్మట్టాన్ గాలి చేసిందేనా?

1960 ఆగస్టు 5న స్వతంత్రం వచ్చింది. మొదటి అధ్యక్షుడు మొరీస్ యామియోగో ఉద్యోగుల జీతాలు కోయబోతే 1966 జనవరి 3న వాగడూగు వీధుల్లోకి యూనియన్లొచ్చి దింపేశాయి. దింపింది జనం, ఎక్కింది సైన్యం. ఈ ఒక్క వాక్యం గుర్తు పెట్టుకోండి, ఆ దేశ రాజకీయం ముప్పాతిక అర్థమైపోతుంది. 1980, 1982, 1983 అన్నీ కుట్రలే. ఆ 1983 ఆగస్టు 4న వచ్చినవాడు ముప్పై మూడేళ్ల కెప్టెన్ సంకారా.

ఆయన్ను నేను ప్రేమిస్తాను. దాపరికం లేదు. వలసదొర పెట్టిన పేరు తీసేసి 1984లో దేశానికి బుర్కినా ఫాసో అని పేరు పెట్టాడు. మోరే భాషలో బుర్కినా అంటే నిటారుగా, నిజాయితీగా బతికేవాళ్లు. ఫాసో జూలా భాషలో తండ్రుల నేల. ఆ దేశ పౌరుణ్ణి బుర్కినాబే అంటారు, ఆ 'బే' ఫులానీల భాషది. మూడు భాషలు కలిపి ఒక పేరు కుట్టాడు! మంత్రుల మెర్సిడెస్ కార్లు అమ్మించి చిన్న రెనో కార్లెక్కించాడు. ఆ ఏడాది చివర్లో రెండు మూడు వారాల్లో ఇరవై లక్షలకు పైగా పిల్లలకు తట్టు, మెనింజైటిస్, పచ్చజ్వరం టీకాలు వేయించాడు. దేశంలో నేసిన నూలు బట్ట ఉద్యోగులు కట్టి తీరాలన్నాడు. ఆడపిల్లల అంగాలు కోసే ఆచారం మీద, బలవంతపు పెళ్లిళ్ల మీద కన్నెర్ర చేశాడు. కాయా వైపు రైలుకు బ్యాంకులు డబ్బు ఇవ్వబోమంటే జనాన్నే పట్టాలు పరవమన్నాడు. 1987 జులైలో అడిస్ అబాబాలో ఆఫ్రికా అధ్యక్షులందరి ఎదుట నిలబడి అప్పులు కట్టొద్దన్నాడు. ఈ మాట అన్నది బుర్కినా ఒక్కటే అయితే వచ్చే సమావేశానికి నేనుండనని కూడా అన్నాడు. మూడు నెలలు కూడా గడవలేదు.

కామ్రేడ్లారా, చప్పట్లు ఆపండి. ఇక మీ వంతు.

1984లో టీచర్లు సమ్మె చేస్తే వెయ్యిమందికి పైగా ఉద్యోగాలు పీకేసిందీ ఈయన ప్రభుత్వమే. సర్కారు స్కూలు టీచరు మీ ఇంట్లోనూ ఉండి ఉంటాడు, అడగండి ఆ మాటకు అర్థమేమిటో. కుట్ర ఆరోపణ మీద ఏడుగుర్ని కాల్పించింది కూడా అదే ఏడాది. పేటల్లో తుపాకులిచ్చి వదిలిన విప్లవ రక్షణ కమిటీల కుర్రాళ్లు పాత పగలు తీర్చుకున్నారు. 1985 క్రిస్మస్ రోజున అగాచెర్ అనే ఎండు నేల కోసం మాలీతో యుద్ధం జరిగింది. రెండు పేద దేశాలు హేగ్ కోర్టులో కేసు నడుస్తుండగానే కొట్టుకుని, ఆ కోర్టులో ఫ్రెంచి దొరల పాత పటాలూ ఉత్తర్వులూ చూపించుకుంటూ మాదంటే మాదని వాదించుకున్నాయి! ఏ గీతను తిట్టారో ఆ గీతకే దండం పెట్టారు. 1986 డిసెంబరులో కోర్టు ఆ నేలను దాదాపు చెరిసగం చేసింది. ఇవన్నీ దాచి సంకారాను పటంకట్టి దండేసినవాడు ఆయన్ను రెండోసారి పాతిపెడుతున్నాడు. గొప్పవాడి తప్పు చెప్పడానికి భయపడేవాడు, రేపు చిన్నవాడి తప్పుకీ భజన చేస్తాడు. చేస్తున్నాడు కూడా, వస్తాను అక్కడికే.

సంకారా కుర్చీలో కూర్చున్నది ఆయన ప్రాణమిత్రుడే. బ్లేజ్ కంపోరే ఇరవై ఏడేళ్లు ఏలాడు. అంగోలాలో యునీటా తిరుగుబాటుదార్లకు సాయం చేస్తున్నాడని 2000లో ఐక్యరాజ్యసమితి నివేదికే పేరు పెట్టి రాసింది. కొన్నేళ్లకు అదే మనిషి పశ్చిమ ఆఫ్రికాకు శాంతి మధ్యవర్తి. పులికి మెళ్లో రుద్రాక్షలు వేసి పంచాయితీకి కూర్చోబెట్టారు, దాతల దేశాలన్నీ చేతులు కట్టుకుని తీర్పు విన్నాయి. ఆ ఏలుబడిలోనే, 1998 డిసెంబరు 13న, నోర్బెర్ జోంగో అనే పత్రికా సంపాదకుణ్ణి కారులోనే తగలబెట్టారు. అధ్యక్షుడి తమ్ముడి డ్రైవరు ఎలా చచ్చాడని ఆయన రాస్తున్నాడు. అదీ ఆయన నేరం. ఆ కేసు ఏళ్ల తరబడి దొంగకు తేలు కుట్టినట్టు గప్‌చిప్.

2014 అక్టోబరులో కంపోరే రాజ్యాంగంలో 37వ అధికరణం మార్చి మళ్లీ పోటీ చేస్తానన్నాడు. అప్పుడు లేచారు జనం! చీపుర్లు పట్టుకుని వచ్చారు. పాటగాళ్లు, కుర్రాళ్లు, లాయర్లు కలిసి పెట్టుకున్న ఉద్యమం పేరు కూడా 'పౌరుల చీపురు'. పార్లమెంటు భవనం తగలబడింది. మర్నాడే కంపోరే ఐవరీ కోస్ట్‌కు పరుగు. 2022 ఏప్రిల్‌లో సైనిక కోర్టు సంకారా హత్య కేసులో ఆయన లేకుండానే యావజ్జీవ శిక్ష వేసింది. ఆ "సహజ మరణం" హత్యేనని కోర్టు తేల్చడానికి ముప్పై నాలుగున్నరేళ్లు పట్టింది. మూడు నెలలకే, జులైలో, శిక్ష పడ్డ ఆ పెద్దమనిషి దర్జాగా వాగడూగులో దిగాడు. సయోధ్య మాట్లాడదాం రమ్మని కొత్త సైనిక పాలకుడే పిలిచాడట. వచ్చాడు, మాట్లాడాడు, వెళ్లాడు. ఒక్క పోలీసు చెయ్యి పైకి లేవలేదు.

ఇప్పుడు మీ ఫోను తీయండి. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పోయిన నెల ఒక వీడియో వచ్చింది. ఎర్ర టోపీ, మిలటరీ దుస్తులు, వెనక పులిగర్జన సంగీతం. 2022 సెప్టెంబరు 30న గద్దెనెక్కిన కెప్టెన్ ఇబ్రహీం ట్రావోరే ఫ్రాన్సును తరిమాడట, అందరికీ ఉచిత ఇళ్లట, పేరున్న పాప్ గాయకులు ఆయన మీద పాటలు కట్టారట. ఆ పాటలు కృత్రిమ మేధతో పుట్టించినవి. "మనకూ ఇలాంటోడు ఒకడు రావాలి" అని కింద మా బావగారు రాశారు. అమెరికాలో ఐటీ ఉద్యోగం, సొంతిల్లు, వారానికో సెలవు ట్రిప్పు. మన నెత్తి మీద మిలటరీవాణ్ణి కోరుకోవడానికి ఆయనకు అంత దూరం బాగా భద్రంగా ఉంది. "బావగారూ, వస్తే మొదట ఎత్తుకుపోయేది మీ తోడల్లుడు లాయర్నే" అని రాశాను. గ్రూపులోంచి తీసేశారు. సంతోషం.

ఫ్రెంచి సైన్యం 2023లో పోయింది, నిజం. పోవాల్సిందే, నేనూ చప్పట్లు కొడతాను. ఆ తర్వాత? 'పౌరుల చీపురు' పెట్టినవాళ్లలో ఒకడైన లాయరు గీ ఎర్వే కామ్‌ను 2024 జనవరిలో మఫ్టీ మనుషులు ఎత్తుకుపోయారు. పాలకుణ్ణి విమర్శించిన డాక్టరును సార్వత్రిక సైనిక సమీకరణ అనే ఉత్తర్వు చూపి యుద్ధరంగానికి పంపారు. హక్కుల నాయకుడు దావుదా డియాలోనూ అలాగే పట్టుకుపోయారు. నచ్చని తీర్పులిచ్చిన న్యాయాధికారులకూ అదే పిలుపు. జైలు ఖర్చు కూడా మిగిలింది! ఒక దేశభక్తుడు ఇంకో దేశభక్తుణ్ణి శిక్షించాలంటే దేశ సరిహద్దుకు పంపుతాడు: ఇంతకన్నా నిజం చెప్పే జోకు ఈ శతాబ్దంలో పుట్టలేదు. ఇరవై లక్షలు దాటిన జనం ఇళ్లు వదిలి సొంత దేశంలోనే కాందిశీకులయ్యారు. జిహాదీ ముఠాలు ఊళ్లు తగలబెడుతుంటే దేశంలో పెద్ద భాగం సర్కారు మాట వినే స్థితిలో లేదు. 2025 మేలో సంకారా చచ్చిపోయిన చోటే సమాధి మందిరం తెరిచారు. రిబ్బను కత్తిరించే చేతులకు నోళ్లు మూయడమూ వచ్చు.

నన్ను తిట్టేవాళ్లు రెండు వరసల్లో నిలబడండి. "ఫ్రాన్సు ఏజెంటు" అనేవాళ్లు ఎడమ పక్క, "ఆఫ్రికా పిచ్చోడు, మనకెందుకు" అనేవాళ్లు కుడి పక్క. తోసుకోకండి, అందరికీ సమాధానం ఒకటే.

2024 ఫిబ్రవరి 25. యాటెంగా ప్రాంతం. సవాడోగో గుంటలు తవ్వి నేలను బతికించిన ప్రాంతమే. ఆయన పోయి అప్పటికి మూడు నెలలు నిండలేదు. ఆ పొద్దున సైనికులు నొందిన్ అనే ఊళ్లోకి వచ్చి 44 మందిని, సోరో అనే ఊళ్లో 179 మందిని చంపారని హ్యూమన్ రైట్స్ వాచ్ బతికి బయటపడ్డవాళ్లను అడిగి, పేర్లు రాసి, లెక్క తేల్చింది. మొత్తం 223. అందులో కనీసం 56 మంది పిల్లలు. ఆ వార్త వేసినందుకు బీబీసీ ఆఫ్రికానూ వాయిస్ ఆఫ్ అమెరికానూ రెండు వారాలు మూయించారు. ప్రభుత్వం ఏమంది? నిరాధారమంది.

సంకారాది "సహజ మరణం" అని రాసిన కాగితం మీద సంతకం ఆరక ముందే ఇంకో కాగితం తయారైంది. ఈసారి దాని కింద సంతకం పెట్టమని మీ ఫోన్‌కే వస్తోంది. ఆ వీడియో ముందుకు నెట్టే ముందు రెండు ఊళ్ల పేర్లు పైకి చదవండి: నొందిన్. సోరో.